పొదిలి పొలం పాత కాగితం ఎక్కడ దొరుకుతుంది?

రామాయపట్నం రేవు కోసమో, కృష్ణపట్నం పక్కన పరిశ్రమ కోసమో, రోడ్డు వెడల్పు కోసమో భూసేకరణ నోటీసు వచ్చిందంటే ఊళ్లో ట్రంకుపెట్టెలన్నీ తెరుచుకుంటాయి. తాతల నాటి శిస్తు రసీదులు, మడతల దగ్గర చిరిగిపోయిన పట్టా, ఎవరో రాసిచ్చిన పంపకాల చీటీ బయటికొస్తాయి. అవి చాలవని తెలిశాక మండల ఆఫీసుకు పరుగు. "పాత అడంగల్ నకలు కావాలండీ" అని (అడంగల్ అంటే ఏటేటా రాసే సాగు లెక్కల పుస్తకం) అడిగితే అక్కడ చాలాసార్లు వినపడే జవాబు "ఆ రికార్డు మా దగ్గర లేదు" అని. ఆ మాటతో రికార్డే పోయిందనుకుని రైతులు టెన్షన్ పడతారు. కొందరు తెప్పించి పెడతానన్న దళారీ చేతిలో డబ్బు పోస్తారు.

లేదన్నది ఆ ఆఫీసు వరకు నిజమే కావచ్చు. అదే రికార్డు ఇంకో ఊళ్లో, ఇంకో పేరుతో, ఇంకో నంబరు కింద భద్రంగా ఉండే అవకాశం మాత్రం చాలా ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మరీ ఎక్కువ. ఇక్కడ ఊళ్లు కదలకుండానే జిల్లాలు మారాయి. ఒకే తాలూకాలో రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ గ్రామం పక్కనే జమీందారుకు కట్టే జమీందారీ గ్రామం, దాన్ని ఆనుకుని దానంగా ఇచ్చిన ఇనాం గ్రామం ఉన్న చోట్లున్నాయి. ఒక్కో దానికి ఒక్కో రకం దస్త్రం. అందుకే రికార్డు వెతికేవాళ్లు ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఆ కాగితం పుట్టిన ఏడు మన ఊరు ఎవరి పాలనలో ఉంది? అసలు ఆ కాగితాన్ని ఏ పని కోసం రాశారు?

జిల్లాలు మారినప్పుడు

1801లో కర్ణాటక నవాబు నుంచి ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఒంగోలు చాలాకాలం నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకా అటు వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. దానికి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు గుంటూరు నుంచి, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరుకు తిరిగి వెళ్లింది. అద్దంకి, చీరాల బాపట్లలో కలిశాయి. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి.

ఒంగోలు పక్కన ఉన్న ఒక పొలాన్నే తీసుకోండి. 1890లో దాని మీద కలెక్టరు ఇచ్చిన ఉత్తర్వు నెల్లూరు కలెక్టరుది. 1930 నాటిది గుంటూరు కలెక్టరుది. 1975 నాటిది ఒంగోలులో పుట్టినది. కందుకూరు వాళ్లకు 1960 నాటి ఫైలు నెల్లూరుది, 1990 నాటిది ఒంగోలుది, 2023 నాటిది మళ్లీ నెల్లూరుది. మార్కాపురం వాళ్లు 1965 నాటి అప్పీలు ఉత్తర్వు కోసం ఒంగోలులో ఎంత తిరిగినా, పుట్టినచోటు కర్నూలు కాబట్టి అక్కడా అడగాల్సిందే. జిల్లా విడిపోయినప్పుడు రికార్డులు పంచుతారు గానీ ఆ పంపకం ఎప్పుడూ పూర్తిగా జరగదు. నడుస్తున్న ఫైళ్లు, గ్రామ లెక్కలు ముందుగా కొత్త జిల్లాకు పోతాయి. ముగిసిపోయిన పాత ఫైళ్లు, కట్టలు కట్టి రాకుల మీద ఉన్నవి, పాత కలెక్టరేట్ రికార్డు రూములోనే మిగిలిపోవడం మామూలు.

జిల్లా దాటి పైకి వెళ్లిన సంగతులకు ఇంకో దారి ఉంది. మద్రాసులో 1786లో ఏర్పడిన బోర్డు ఆఫ్ రెవెన్యూ జిల్లా కలెక్టర్ల మీద పెద్ద దిక్కు. శిస్తు రేట్లు, జమీందారీ తగాదాలు, చెరువుల మరమ్మతులు, కరువు రెమిషన్లు (శిస్తు తగ్గింపులు) అన్నీ దాని ప్రొసీడింగ్స్‌లో ఉంటాయి. 1909లో మొదలైన మద్రాసు రికార్డు ఆఫీసు, అంటే ఇప్పటి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఆ కాలపు సంపుటాలకు ఇల్లు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆ బాధ్యత మన వైపు బోర్డుకు వచ్చింది. 1977లో బోర్డును రద్దు చేసి కమిషనర్లను పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్ర అభిలేఖాగారం హైదరాబాదు తార్నాకలో ఉండేది. కాబట్టి నెల్లూరు జిల్లా చరిత్ర రాయాలనుకునే కుర్రాడైనా, తన ముత్తాత చెరువు కట్టు హక్కు నిరూపించుకోవాలనుకునే రైతైనా చెన్నై రైలు ఎక్కాల్సి రావచ్చు. నెల్లూరు నుంచి అదేం దూరం కాదు. కానీ అక్కడికి వెళ్లాలని చెప్పేవాళ్లే తక్కువ.

కింది మెట్టులో జరిగిన మార్పు ఇంకా పెద్దది. తరతరాలుగా ఊరి లెక్కలు కరణం ఇంట్లో ఉండేవి. 1984 జనవరిలో గ్రామాధికారుల పదవులను ప్రభుత్వం రద్దు చేసింది. కరణాల ఇళ్ల నుంచి లెక్కల పుస్తకాలు తాలూకా ఆఫీసులకు చేరాలి. కొన్ని చేరాయి, కొన్ని ఆలస్యంగా చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. ఆ గందరగోళం సర్దుకోకముందే 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా కట్టలను నాలుగైదు మండలాలకు విడగొట్టాల్సి వచ్చింది. మన ఊరి రికార్డుల్లో 1980ల ముందువి దొరక్కపోవడానికి ఈ రెండేళ్లే ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఎవరో కావాలని మాయం చేశారనే అనుమానం అన్ని సందర్భాల్లో నిజం కాదు. పక్క మండలం కట్టలో మన ఊరి పుస్తకం కలిసిపోయి ఉండొచ్చు. పాత తాలూకా కేంద్రం ఏదో కనుక్కుని అక్కడి ఆఫీసులో కూడా అడగడం అందుకే అవసరం.

కాగితం దేనికోసం రాశారు

రెవెన్యూ శాఖ అనే పేరులోనే శాఖ పని ఉంది. ఈ దస్త్రాలు రాసింది శిస్తు వసూలు కోసం. ఈ పొలానికి ఎంత కట్టాలి, ఎవరి దగ్గర వసూలు చేయాలి అన్నది వాటి ప్రశ్న. అసలు యజమాని ఎవరన్నది కాదు. రెవెన్యూ పుస్తకంలో పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్యం వచ్చేయదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అయినా వందేళ్ల నాటి సంగతికి ఇంతకంటే మంచి సాక్ష్యం చాలామంది దగ్గర ఉండదు. కాబట్టి ఒక్కో కాగితం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలిసి వాడుకోవాలి.

రైత్వారీ గ్రామాల్లో, అంటే రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన చోట, మూలం ఆర్.ఎస్.ఆర్. రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ అని దాని పూర్తి పేరు. 19వ శతాబ్దంలో మొదటి సర్వే, సెటిల్‌మెంట్ జరిగినప్పటి పుస్తకాన్ని డైగ్లాట్ అంటారు. 20వ శతాబ్దం మొదట్లో దాన్ని తిరగరాసినది ఆర్.ఎస్.ఆర్. అందులో ప్రతి సర్వే నంబరుకూ పాత నంబరు, మెట్టా మాగాణా, నీటి ఆధారం ఏది, నేల తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు, రిమార్కులు ఉంటాయి. సర్కారు భూమైతే పోరంబోకు అనో, అనాధీనం అనో, శిస్తు నిర్ణయించిన బంజరు అనో రాసి ఉంటుంది. ఇప్పటికీ ఏ వివాదంలోనైనా అధికారి ముందుగా తెరిచేది దీన్నే.

చుక్కల భూముల గొడవ మొత్తం ఈ పుస్తకంలోనే మొదలైంది. అప్పటి సిబ్బంది పట్టాదారు ఎవరో తేలని చోట ఆ గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. సాగు చేసుకునేవాళ్లు సాగు చేసుకున్నారు, అమ్ముకున్నారు, కొన్నారు, రిజిస్ట్రేషన్లు కూడా అయ్యాయి. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ నిబంధనను బలపరిచి నిషేధిత భూముల జాబితాలు సబ్ రిజిస్ట్రార్లకు పంపినప్పుడు, పేరు లేని గడిని సర్కారు భూమి కింద లెక్కేసి చాలాచోట్ల ఈ భూములనూ జాబితాలో చేర్చారు. ఒక్కసారిగా అమ్మకాలు ఆగిపోయాయి. బ్యాంకు అప్పులు రాలేదు, ఆడపిల్లల పెళ్లిళ్లకు రెండెకరాలు అమ్ముదామన్నా కుదరలేదు. 2017లో దీనికోసమే ప్రత్యేక చట్టం చేశారు. పన్నెండేళ్లకు పైగా అనుభవం ఉందని ఆధారాలు చూపిస్తే ఆర్.ఎస్.ఆర్.లో పేరు ఎక్కించే వీలు కల్పించారు. 2023 మే 12న కావలిలో జరిగిన సభలో సుమారు రెండు లక్షల ఎకరాల చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తీసేసే కార్యక్రమం మొదలుపెట్టారు. వందేళ్ల కిందట ఒక గుమాస్తా ఖాళీగా వదిలిన గడి వల్ల మూడు తరాల తర్వాత ఎంతమంది ఇబ్బంది పడ్డారో చూస్తే, రికార్డు రాసేవాడి చేతిలో ఎంత బాధ్యత ఉందో తెలుస్తుంది.

అడంగల్ సంగతి వేరు. అది ఏటేటా రాసే పుస్తకం. ఆ ఏడు ఆ నంబరులో ఏం పండింది, ఎవరు సాగు చేశారు అన్నది అందులో ఉంటుంది. ఏటా జమాబందిలో పై అధికారి లెక్కలు సరిచూసేవాడు. అడంగల్‌ను ఫసలీ ప్రకారం అడగాలి. ఫసలీ అంకెకు 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1359 అంటే 1949 జులై 1 నుంచి 1950 జూన్ 30 వరకు. ఈ లెక్క తెలియక "1950 అడంగల్" అని రాసిచ్చిన దరఖాస్తుకు "లేదు" అనే జవాబు వచ్చిన సందర్భాలు ఉంటాయి. 1950కి తగిలే 1359, 1360 రెండు ఫసలీలూ రాసి అడిగితే ఆ ఇబ్బంది ఉండదు.

అడంగల్‌లో శివాయిజమ అని కనపడితే జాగ్రత్త. సర్కారు భూమిని అనుమతి లేకుండా సాగు చేసినందుకు 1905 నాటి ఆక్రమణల చట్టం కింద వేసిన జరిమానా లెక్క అది. దానికి ఇచ్చేది బి మెమో. ముప్ఫై ఏళ్ల బి మెమో రసీదులను పట్టా లాగా దాచుకున్న కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. ఆ రసీదులు సాగు మీదే అని చెబుతాయి, అదే నోటితో భూమి సర్కారుదని కూడా చెబుతాయి. భూమి అసైన్ చేయమని అడగడానికి అవి పనికొస్తాయి. యాజమాన్యం దావాలో అవే మనకు ఎదురు తిరుగుతాయి.

డీకేటీ పట్టాలకు, అంటే దరఖాస్తు మీద సర్కారు ఇచ్చిన భూముల పట్టాలకు, తేదీ ప్రాణం. 1954 జూన్ 18 నాటి జీవో 1142 తర్వాత ఆంధ్ర ప్రాంతంలో పేదలకు ఇచ్చిన భూములను అమ్మకూడదన్న షరతుతో ఇచ్చారు. ఆ తర్వాత 1977 చట్టం ఆ అమ్మకాలు చెల్లవంది. ఆ తేదీకి ముందు ఇచ్చిన పట్టాకు సాధారణంగా ఆ షరతు లేదు. కాబట్టి పట్టా ఇచ్చిన అసలు ఫైలు, అందులోని తేదీ దొరికితే కుటుంబం తలరాతే మారిపోతుంది. చేతిలో ఉన్న కాగితం మీద తేదీ చెరిగిపోయినా తాలూకా ఆఫీసులో అసైన్‌మెంట్ రిజిస్టర్ అని ఒకటి ఉండేది. దాన్ని అడగడం చాలామందికి తట్టదు.

వెంకటగిరి, పొదిలి, దర్శి

ఈ మూడూ ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో జమీందారీ తాలూకాలు. పొదిలి, దర్శి వైపు ఊళ్లు చాలావరకు వెంకటగిరి సంస్థానం కింద ఉండేవి. అక్కడ రైతు శిస్తు కట్టింది జమీందారుకు. కాబట్టి రైత్వారీ గ్రామాలకు ఉన్నట్టు సర్కారు ఆర్.ఎస్.ఆర్. ఆ కాలానికి ఉండదు. పొదిలి రైతు "1915 ఆర్.ఎస్.ఆర్. ఇవ్వండి" అని అడిగితే నిజంగానే దొరకదు. అది పోలేదు, అసలు పుట్టలేదు.

అక్కడ మూలం వేరేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద సంస్థానాన్ని సర్కారు స్వాధీనం చేసుకున్నాక సర్వే చేసి, సెటిల్‌మెంట్ అధికారులు ఊరూరా విచారణ జరిపి రైత్వారీ పట్టాలు ఇచ్చారు. అప్పుడు తయారైన పుస్తకం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, వాడుకలో ఎస్.ఎఫ్.ఎ. పేరులో అడంగల్ ఉన్నా ఇది ఏటేటా రాసే అడంగల్ కాదు. ఆ గ్రామానికి ఆర్.ఎస్.ఆర్. చేసే పని ఇది చేస్తుంది. చట్టంలోని 11వ సెక్షన్ కింద రైతుకు, ఆ తర్వాతి సెక్షన్ల కింద జమీందారుకు పట్టాలు ఇచ్చిన ఉత్తర్వులు విడిగా ఉంటాయి. వాటి మీద అప్పీళ్లు నడిచాయి, కొన్ని బోర్డు దాకా వెళ్లాయి.

ఎస్టేటు రద్దుకు ముందు కాలానికి కాగితం కావాలంటే జమీందారీ కచేరీ లెక్కలు, శిస్తు దాఖలాలు, 1908 ఎస్టేట్ల భూచట్టం కింద నడిచిన కేసులు చూడాలి. ఆ దాఖలాల మీద పైమాష్ నంబర్లు, అంటే సర్వేకు ముందు నాటి పాత కొలత నంబర్లు, ఉంటాయి. సర్వే జరిగాక వాటికి సర్వే నంబర్లు వచ్చాయి. రెండింటినీ కలిపే పట్టిక లేకుండా తాత దాఖలా మీద ఉన్న నంబరు పట్టుకుని ఇప్పటి నంబరుతో పోల్చితే పక్క పొలం మనదని తేలుతుంది, మన పొలం పోతుంది. నంబర్ల కథ అక్కడితో అయిపోలేదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పైమాష్ నుంచి సర్వే నంబరు, దాని సబ్ డివిజన్లు, చివరికి ఎల్.పి.ఎం. వరకు ఒకే పొలానికి నాలుగు చిరునామాలు. ఏ కాలం కాగితం అడుగుతున్నామో ఆ కాలం నంబరు రాయాలి.

ఇనాం భూములకు ఇంకా వెనక్కి పోవాలి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఒక్కో ఇనాం ఎవరు, ఎందుకు, ఎవరికి ఇచ్చారో విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ రాసింది, టి.డి. (టైటిల్ డీడ్) నంబరుతో పత్రం ఇచ్చింది. గుడికి ఇచ్చారా, గుడిలో సేవ చేసే మనిషికి ఇచ్చారా అన్న తేడా అందులోని మాటల మీదే ఆధారపడుతుంది. దేవాదాయ భూముల కేసుల్లో సగం వాదన ఆ ఒక్క పేజీ చుట్టూ తిరుగుతుంది.

పొలం హద్దులకు ఎఫ్.ఎం.బి., అంటే పొలం కొలతల పుస్తకం, ఉంది. దాని మీద కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు అరవై ఆరు అడుగులు. సర్వే శాఖ దగ్గర దాని ప్రతి విడిగా ఉంటుంది కాబట్టి మండలంలో చిరిగినా అక్కడ అడగవచ్చు. అమ్మకాలు, తనఖాల పుస్తకాలు మాత్రం రిజిస్ట్రేషన్ శాఖవి. వాటికి రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

ఫైలు మీద ఒక అక్షరం

రిజిస్టర్లు సాధారణంగా శాశ్వతం. ఫైళ్లు అలా కాదు. రెవెన్యూ ఆఫీసుల్లో ఒక ఫైలు ముగించేటప్పుడు దాని మీద ఒక అక్షరం వేస్తారు. ఆర్ డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి డిస్ అంటే పదేళ్లు. కె డిస్ మూడేళ్లు. ఎల్ డిస్ ఒక్క ఏడాది. మద్రాసు కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. పట్టా మార్పు మీద మీ తాత పెట్టుకున్న అర్జీ డి డిస్ కింద ముగిస్తే, నిబంధన ప్రకారమే పదేళ్ల తర్వాత దాన్ని తగలబెట్టి ఉండొచ్చు. దానికి ఎవరినీ తప్పుపట్టలేం. ఎల్ డిస్ పడాల్సిన ఉత్తరానికి ఆర్ డిస్ పడి యాభై ఏళ్లు రాకు మీద ఉన్నవీ, ఆర్ డిస్ పడాల్సిన హక్కుల ఉత్తర్వు కె డిస్ కింద పోయినవీ ఉంటాయి. ఆ అక్షరం వేసింది ఒక గుమాస్తా, సంతకం పెట్టింది ఒక అధికారి. ఏది రేపటి రైతుకు అవసరమో ఊహించే పని వాళ్లది. ఈ పనికి మన ఆఫీసుల్లో ఇచ్చే శిక్షణ, గౌరవం రెండూ చాలవని నేను గట్టిగా నమ్ముతాను. రికార్డు కీపర్ పోస్టును మూలన పడేసే ఉద్యోగంలా చూడటం మానాలి.

ఫైలు పోయినా దాని జాడ మిగులుతుంది. పర్సనల్ రిజిస్టర్‌లో, డిస్పోజల్ రిజిస్టర్‌లో ఆ నంబరు, విషయం, ముగించిన తేదీ, డిస్ అక్షరం ఉంటాయి. నాశనం చేసినా ఆ మేరకు నమోదు ఉండాలి. కాబట్టి "లేదు" అన్నప్పుడు అడగాల్సిన రెండో ప్రశ్న "ఏ డిస్ కింద ముగించారు, ఎప్పుడు తీసేశారు?" అని. ఇది సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో మండల స్థాయిలో దరఖాస్తు ఫీజు ఐదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు కనపడటం లేదన్నది సమాచారం నిరాకరించడానికి చట్టంలో ఉన్న కారణం కాదు. వెతకడానికి గట్టి ప్రయత్నం చేయాలని, అవసరమైతే విచారణ జరిపించవచ్చని ఢిల్లీ హైకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది.

కోర్టు కోసమైతే సమాచార హక్కు జిరాక్సు కంటే ధ్రువీకరించిన నకలు మేలు. ప్రభుత్వ దస్త్రాల నకళ్లు ఫీజు కట్టి తీసుకునే హక్కు పాత సాక్ష్య చట్టంలో ఉండేది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 75వ సెక్షన్ కింద అదే కొనసాగుతోంది. దరఖాస్తులో గ్రామం, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, ఆ కాలపు నంబరు, ఫసలీ, పుస్తకం పేరు రాయాలి. ఇవన్నీ రాసిన దరఖాస్తును చూస్తే రికార్డు రూములో మనిషికీ పని తేలికవుతుంది, నిజంగా.

ఇక కంప్యూటర్. 2015లో మీభూమి పోర్టల్ వచ్చాక 1బి (హక్కుల రికార్డు), అడంగల్ ఫోనులో చూసుకుంటున్నాం. మంచిదే. అయితే అందులో ఉన్నది పాత పుస్తకాన్ని చూసి ఎవరో ఎక్కించినది. ఎక్కించేటప్పుడు తండ్రి పేరు మారి ఉండొచ్చు, సబ్ డివిజన్ తప్పి ఉండొచ్చు, పట్టా భూమి సర్కారు ఖాతాలో పడి ఉండొచ్చు. ఆ తప్పును దిద్దించుకోవడానికి చూపాల్సింది పాత పుస్తకమే. స్కాన్ చేశాం కదా అని మూలాన్ని గోనెసంచిలో కుక్కి మెట్ల కింద పడేస్తే రేపు దిద్దడానికి ఆధారం ఉండదు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు రేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. మన జిల్లాల్లో ఆర్.ఎస్.ఆర్.లకు, ఎస్.ఎఫ్.ఎ.లకు ఇంకో ప్రతి ఇంకో ఆఫీసులో ఉందా, ఉంటే ఏ గదిలో, ఏ గ్రామాలవి అన్న జాబితాను కలెక్టరేట్లు బయట పెట్టాలి. మూలాలు మండలంలో లేని గ్రామాల పేర్లు కూడా ఆ జాబితాలోనే ఉండాలి. గ్రామసభలో అడగగలిగిన సంగతి ఇది. వచ్చే గ్రామసభలో అడుగుదాం.